మీకు తెలుసా? సూపర్‌మ్యాన్ అమ్మకాలు పడిన చోటు, లేచిన చోటు

గుమ్మఘట్టలో బడి వదిలే వేళ పిల్లల్ని చూడండి. ఒకడి సంచీ మీద స్పైడర్‌మ్యాన్, ఇంకొకడి నీళ్ల సీసా మీద బ్యాట్‌మ్యాన్. ఆ హీరోలు పుట్టిన పుస్తకాన్ని మాత్రం వాళ్లలో ఏ ఒక్కరూ చేత్తో పట్టుకుని ఉండరు. హీరో అందరికీ తెలుసు, పుస్తకం ఎవరికీ అందలేదు. ఇది మన కరువు సీమకే వచ్చిన కష్టమని అనుకోకండి, వాళ్లు పుట్టిన అమెరికాలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. ఎనభై ఏళ్లకు పైగా కామిక్స్ అమ్మకాలు ఎక్కుతూ దిగుతూ వస్తున్నాయి. హీరోకి ఎంత బలముందన్న దానికంటే, పుస్తకం ఏ అంగట్లో, ఎవరి చేతికి అందే ఎత్తులో ఉందన్నదే ఆ లెక్కల్ని ఎక్కువగా నడిపించిందని నా గట్టి నమ్మకం. ఎందుకంటున్నానో ఈ సంగతులు చదివి మీరే చెప్పండి.

సూపర్‌మ్యాన్ హక్కుల ధర 130 డాలర్లు

జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను సృష్టించి, పూర్తి హక్కులతో సహా 130 డాలర్లకు అమ్మేశారు. 1938 జూన్ నెల వేసి వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక సుమారు 2 లక్షల కాపీలు అచ్చయింది, వెల 10 సెంట్లు. కారును రెండు చేతులతో ఎత్తిన సూపర్‌మ్యాన్ దాని ముఖచిత్రం. విచిత్రమేమిటంటే, ప్రచురణకర్తకే అతని మీద నమ్మకం కుదరలేదు. తర్వాతి కొన్ని సంచికల ముఖచిత్రాల మీద వేరే బొమ్మలు వేశారు. అమ్మకాలు మాత్రం పెరుగుతూ పోయాయి. ఎందుకో అంగళ్ల దగ్గర ఆరా తీయిస్తే తేలింది, పిల్లలు పత్రిక పేరు అడగడం లేదు, ‘సూపర్‌మ్యాన్ ఉన్న పుస్తకం’ ఇమ్మంటున్నారు! ఏడో సంచికకు అతను మళ్లీ ముఖచిత్రం ఎక్కాడు. ఆ మొదటి సంచిక కాపీ ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది.

అంత ధర ఎందుకంటే, మిగిలిన కాపీలు బహు కొద్ది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఇంటింటా పాత కాగితం సేకరించారు, కామిక్స్ కట్టలకు కట్టలు అందులోకే పోయాయి. మన దగ్గర పాత వారపత్రికలు శెనక్కాయల పొట్లాలైపోలేదా, అట్లాగే. పారేయాల్సిన వస్తువు కాబట్టే పారేశారు, పారేశారు కాబట్టే ఇప్పుడు ప్రాణం పెట్టి వెతుకుతున్నారు.

సూపర్‌మ్యాన్‌ను ఓడించినవాడు ఒకడున్నాడు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో అందరికంటే ఎక్కువ అమ్ముడైంది సూపర్‌మ్యాన్ కాదు. ‘షజామ్’ అని అరిస్తే వీరుడిగా మారిపోయే కుర్రాడి కథ, ‘కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్’. ఒక్క 1944లోనే దాని సంచికలన్నీ కలిపి 1 కోటి 40 లక్షల దాకా అమ్ముడయ్యాయని లెక్క. సూపర్‌మ్యాన్ ప్రచురణకర్తలు ‘ఇది మా హీరోకి నకలు’ అని కోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. ఈలోగా యుద్ధం ముగిసింది, సిపాయిలు ఇళ్లకు చేరారు, సూపర్‌హీరోల గిరాకీ చల్లబడింది. 1953లో కెప్టెన్ మార్వెల్‌ను వేసే ఫాసెట్ కంపెనీ రాజీపడి కామిక్స్ వేయడమే మానుకుంది.

హీరోల గిరాకీ పడిపోయినంత మాత్రాన బొమ్మల పుస్తకాల గిరాకీ పడిపోలేదు. ఈ తేడా గమనించాలి. కెప్టెన్ అమెరికాను సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ 1947లో ‘యంగ్ రొమాన్స్’ అని ప్రేమకథల కామిక్ తెచ్చారు, అది విరగబడి అమ్ముడైంది. ఆ వెంట నేరాల కథలు, దయ్యాల కథలు వచ్చాయి. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాశాడు, సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. దాంతో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. దాని ఆమోద ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదార్లు ముట్టుకునేవారు కాదు. దయ్యాల కథలు మూలపడ్డాక, ఆ ఖాళీలోకి 1956లో కొత్త ‘ఫ్లాష్’ పరుగెత్తుకొచ్చాడు. సూపర్‌హీరోలు రెండోసారి లేవడం అక్కడ మొదలైంది.

ఈ లెక్కలు మనదాకా ఎలా వచ్చాయి?

అమెరికాలో చౌక తపాలా రేటుకు పత్రిక పంపాలంటే ఏడాదికోసారి ఒక ప్రకటన అచ్చువేయాలి. యజమాని ఎవరు, సంపాదకుడు ఎవరు అన్న వివరాలతో పాటు 1960 నుంచి సగటున ఎన్ని కాపీలు వేశారు, ఎన్ని అమ్మారు అన్నది కూడా అందులో చెప్పాల్సి వచ్చింది. కామిక్ పుస్తకం లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల్లో, పిల్లలెవరూ చదవని ఆ పెట్టెలోనే చరిత్రంతా ఉంది. ఇవాళ పరిశోధకులు పాత సంచికలు తిరగేసి ఆ పెట్టెల నుంచే ఏడాదివారీ లెక్కలు కూర్చుతున్నారు.

మన పత్రికల్లోనూ ఏటా ఫిబ్రవరి దాటగానే ‘ఫారం 4’ అనే ప్రకటన కనిపించేది, మీరు చూసే ఉంటారు. ప్రచురణ స్థలం, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని, వాళ్ల జాతీయత, చిరునామా... అన్నీ ఉండేవి, ఎన్ని కాపీలన్నది తప్ప! ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ 1948 నుంచి లెక్కలు చూస్తున్నా, దాంట్లో చేరిన పత్రికలకే ఆ లెక్క. అందుకే మన పిల్లల పత్రికల ఉత్థానపతనాలను సంఖ్యల్లో చెప్పడం కష్టం. ఆ ఒక్క గడి మన ఫారంలోనూ ఉండి ఉంటే తెలుగు బాలసాహిత్య చరిత్ర ఇంకోలా రాసుకునేవాళ్లం. నాకు ఇది చిన్న లోటుగా అనిపించదు.

ముఖచిత్రం చింపితే డబ్బు వాపసు

ఆ రోజుల్లో అమెరికాలో మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో, వీధి మూల పత్రికల బంకుల్లో కామిక్స్ అమ్మేవారు. అమ్ముడుపోనివి వాపసు ఇవ్వచ్చు. పుస్తకం మొత్తం తిరిగి పంపితే రవాణా ఖర్చు కదా, అందుకని ముఖచిత్రంలో పత్రిక పేరున్న పై ముక్కనో, ముఖచిత్రం మొత్తాన్నో చింపి పంపితే చాలు, డబ్బు జమ అయ్యేది. మిగతా పుస్తకాన్ని పారేయాలని ఒప్పందం. కొందరు పారేయకుండా సగం ధరకు అమ్ముకునేవారు. పైభాగం సాపుగా కోసేసిన పాత కామిక్స్ ఇప్పటికీ దొరుకుతుంటాయి, సూపర్‌మ్యాన్ తల పైన పేరుండదు. ఆ కోత కనిపించిందంటే అది అమ్మకం లెక్కలోకి రాని కాపీ అన్నమాట. వేసినవి లక్షలైనా అమ్మినవి అందులో సగమే అయ్యేవి చాలాసార్లు.

టీవీ పుణ్యం రెండేళ్లే

1966 జనవరిలో అమెరికా టీవీలో ‘బ్యాట్‌మ్యాన్’ ధారావాహిక మొదలైంది. అంతకుముందు ఏడాది బ్యాట్‌మ్యాన్ పత్రిక సగటు అమ్మకం 4.5 లక్షల చిల్లర. 1966లో అది దాదాపు 9 లక్షలకు చేరింది. 1968 మార్చిలో ధారావాహిక ఆగిపోయింది. 1969కి సగటు 3.5 లక్షల దగ్గరకు పడింది, అంటే టీవీకి ముందున్న దానికంటే కిందికి! టీవీ తెచ్చిన పాఠకులు టీవీతోనే వెళ్లిపోయారు, పోతూ పోతూ పాతవాళ్లను కొందరిని వెంట తీసుకుపోయారు. సినిమా వస్తే పుస్తకం నిలబడుతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లకు ఈ మూడు అంకెలు చూపించాలి.

మూతపడే పత్రికలో పుట్టిన సాలీడు

స్పైడర్‌మ్యాన్ మొదట కనిపించింది 1962 ఆగస్టు ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో. ఆ పత్రికకు అదే ఆఖరి సంచిక. ఎలాగూ మూసేస్తున్నాం కదా, ఏదైతేనేం అని ప్రచురణకర్త వేయనిచ్చాడు. అప్పట్లో అమ్మకాల లెక్క తేలడానికి నెలలు పట్టేది. లెక్క వచ్చాక చూస్తే ఆ సంచిక దుమ్ము రేపింది. 1963 మార్చిలో అతని పేరుతోనే పత్రిక మొదలైంది.

అప్పట్లో స్పైడర్‌మ్యాన్ పత్రిక వేసే మార్వెల్‌కు ఇంకో సంకెల ఉండేది. ఉన్న పంపిణీదారు చేజారాక, పోటీ కంపెనీ డీసీ వాళ్ల అనుబంధ సంస్థ ద్వారానే పుస్తకాలు పంపాల్సి వచ్చింది. నెలకు ఎనిమిదికి మించి శీర్షికలు పంపబోమని ఆ సంస్థ షరతు పెట్టింది. ఒక కొత్త హీరో రావాలంటే ఒక పాత పత్రిక ఆగాలి. 1968లో గానీ ఆ కట్టడి తొలగలేదు. అప్పటిదాకా మార్వెల్ ఎంత ఎదగగలదన్నది పాఠకుల చేతిలో లేదు, ఎదుటి కంపెనీ లారీల్లో ఎంత చోటుందన్న దాని మీద ఆధారపడింది.

ఎక్స్‌మెన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. 1970లో అమ్మకాలు బాగాలేక కొత్త కథలు ఆపేసి, 67 నుంచి 93వ సంచిక దాకా పాత కథలనే మళ్లీ అచ్చువేశారు. 1975లో కొత్త జట్టుతో తిరిగొచ్చి, 1980లలో అమ్మకాల్లో అందరికీ పైన కూర్చుంది. ఇక లాభం లేదనుకున్న శీర్షికే చివరికి కంపెనీని మోసింది.

81 లక్షల కాపీలు, పాఠకులు ఎందరు?

1991లో ‘ఎక్స్‌మెన్’ కొత్త వరుస మొదటి సంచిక 81 లక్షల కాపీలకు ఆర్డర్లు తెచ్చింది. ఒక్క కామిక్ సంచికకు ప్రపంచ రికార్డు అదే. రాసింది క్రిస్ క్లేర్‌మాంట్, గీసింది జిమ్ లీ. ఒకే సంచికకు ఐదు వేర్వేరు ముఖచిత్రాలు వేశారు. నాలుగు ముఖచిత్రాలు పక్కపక్కన పేరిస్తే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది. ఐదోదాన్ని మడతలు విప్పితే ఆ పూర్తి బొమ్మ ఒకే అట్ట మీద కనిపిస్తుంది, దాని వెల ఎక్కువ. కాబట్టి అభిమాని ఒకడే అయినా ఐదు కొన్నాడు. పక్కన ఇంకొకడు పదో ఇరవయ్యో కొని ప్లాస్టిక్ సంచుల్లో భద్రపరిచాడు, పిల్లల చదువులకు అక్కరకొస్తాయని. మరుసటి ఏడాది నవంబరులో ‘సూపర్‌మ్యాన్ చనిపోయాడు’ అని నల్ల సంచీలో పెట్టి, చేతికి కట్టుకునే నల్లపట్టీతో సహా అమ్మారు, అదీ 60 లక్షలు దాటింది. సంచీ విప్పితే విలువ పోతుందని చాలామంది విప్పనేలేదు. అంటే చదవలేదన్నమాట!

గుమ్మఘట్ట మండలం వాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పచ్చు. భైరవానితిప్ప దగ్గర వేదవతికి నీళ్లొచ్చాయని తూము దగ్గర కొలిచి సంబరపడి, ఆయకట్టు చివరి మడికి చేరాయో లేదో చూడకపోతే ఎట్లుంటుందో ఇదీ అట్లనే. 81 లక్షలన్నది అంగళ్లు కంపెనీ నుంచి కొన్న లెక్క. 1970ల నుంచి కామిక్స్‌కు ప్రత్యేక అంగళ్లు వచ్చాయి. వాళ్లకు ఎక్కువ తగ్గింపు ఇచ్చేవారు, కానీ మిగిలితే వాపసు తీసుకోరు. మిగిలిన పెట్టెలన్నీ అంగడి వెనక గదిలోనే ఉండిపోయాయి. ‘యాక్షన్ కామిక్స్’ కొద్ది మిగిలింది కాబట్టి విలువ, ఈ ‘ఎక్స్‌మెన్’ సంచిక లక్షల్లో మిగిలింది కాబట్టి ఇప్పటికీ కొన్ని డాలర్లకే దొరుకుతుంది. కొన్నది విలువ పెరగదని తెలియగానే కొనేవాళ్లు మాయమయ్యారు. అంగళ్లు వేలల్లో మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. ఆ రికార్డు సంచికకూ దివాలాకూ మధ్య పట్టుమని ఆరేళ్లు లేవు.

అదే మార్వెల్‌ను 2009లో డిస్నీ 400 కోట్ల డాలర్లకు కొంది. కొన్నది పుస్తకాల అమ్మకాల కోసం కాదు, హీరోల కోసం. 2019లో ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ 270 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, కానీ అదే హీరోల నెలనెలా పత్రికల్లో చాలావరకు లక్ష కాపీలు కూడా దాటలేదు. 1940లలో పది సెంట్లు పట్టుకుని కిరాణా కొట్టుకు పోయిన పిల్లవాడికి పుస్తకం కళ్లెదుట కనిపించేది. ఇప్పటి పిల్లవాడు ప్రత్యేక అంగడి వెతుక్కుంటూ పోవాలి. పెద్ద పంపిణీదారు డైమండ్ 2025 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మరోపక్క బడుల్లో పెట్టే పుస్తక ప్రదర్శనల్లో, మామూలు పుస్తకాల షాపుల్లో దొరికే ‘డాగ్ మ్యాన్’ బొమ్మల పుస్తకాలు లక్షలకు లక్షలు పోతున్నాయి. పిల్లలు బొమ్మల కథలు మానేయలేదు, దొరికిన చోట చదువుతున్నారు.

జపానుది మాత్రం ఇంకో రకం ఎత్తుపల్లం, అక్కడ కథలే లెక్కను నడిపించాయి. ‘షోనెన్ జంప్’ వారపత్రిక 1994 చివరలో ఒక్క సంచిక 65 లక్షల 30 వేల కాపీలు వేసింది. 1995లో అందులో వస్తున్న ‘డ్రాగన్ బాల్’, 1996లో ‘స్లామ్ డంక్’ ముగిశాక అమ్మకాలు జారడం మొదలైంది.

మన సూపర్‌హీరోలు భుజాన శవంతో, చేత కత్తితో వచ్చారు

స్వాతంత్ర్యం ఇంకా నెల ఉందనగా, 1947 జులైలో మద్రాసు నుంచి ‘చందమామ’ వచ్చింది, తెలుగులో, తమిళంలో. స్థాపించినవారు కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి.నాగిరెడ్డి, తెనాలి చక్రపాణి. ఈ ఇద్దరే విజయా సంస్థ పేరున 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీశారు. తెరమీద మాంత్రికుణ్ణి, చేతిలో బొమ్మల కథను ఒకే ఇంటినుంచి పంపారన్నమాట. హాలీవుడ్ వాళ్లు హీరోను పుస్తకం నుంచి తెరకు తేవడానికి పడిన తిప్పలు వీళ్లకు లేవు.

పేజీపేజీకీ బొమ్మ ఉండాలన్నది చందమామ పద్ధతి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని భాషను చెక్కారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడు ఎవరు మరిచిపోతారు? 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు మొదలయ్యాయి, చిత్రా బొమ్మలతో. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. సూపర్‌హీరో అనే పేరు లేదు గానీ ప్రమాదం అంచున నిలబెట్టి ‘ఇంకా ఉంది’ అనడంలో ఈ కథలు ఎవరికీ తీసిపోవు. వచ్చే నెల సంచిక కొనిపించేది ఆ రెండు మాటలే. ఆ ధారావాహికలకు మధ్యలో విరామం ఇచ్చి, బంకించంద్ర నవలను వేసినప్పుడు పాఠకులు అసంతృప్తి పడ్డారని, మళ్లీ దాసరి కథలనే తీసుకురావాల్సి వచ్చిందని చందమామ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన దగ్గర ఒక కాపీకి ఒక పాఠకుడనే లెక్క నడవదు. ఒక ఇంట్లో కొన్న చందమామ వీధి చివరి ఇంటిదాకా పోయి, అట్ట ఊడి, బైండింగ్ చేయించుకుని మళ్లీ పిల్లల చేతుల్లో పడేది. రాయదుర్గం, గుమ్మఘట్ట వైపు ఇంట తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే కుటుంబాలకు తెలుగు, కన్నడ సంచికలు రెండూ పనికొచ్చేవి. ఆ చదువంతా ఏ అమ్మకాల పట్టికలోనూ లేదు.

1998లో కార్మిక వివాదంతో చందమామ ఆగి, ఏడాదికి మళ్లీ మొదలైంది. 2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ కొంది. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. కథల్లో పస తగ్గి ఆగలేదు అది. కొనసాగించే చేతులు కరువయ్యాయి.

అమర చిత్ర కథకు కన్నడ గడప

అనంత్ పాయ్ పేరుతో ప్రసిద్ధమైన ‘అమర చిత్ర కథ’ మొదటి పుస్తకాలు 1965లో బెంగళూరులో, కన్నడంలో వచ్చాయి. ఆ ఆలోచన ఇండియా బుక్ హౌస్ బెంగళూరు శాఖలోని జి.కె.అనంతరాం గారిది. మనకు సరిహద్దు అవతలే! మొదటి పది శీర్షికలు పాశ్చాత్య దేశాల కథలు. 11వ అంకెతో ‘కృష్ణ’ వచ్చాక పరుగు అందుకుంది. అన్నీ కలిపి 10 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణ్’, ఆ వెంట ‘మహాభారత్’ మొదలై ఆదివారాలను పట్టుకున్నాయి. 1991లో కొత్త శీర్షికల వరుస ఆగిపోయింది. బ్యాట్‌మ్యాన్‌ను టీవీ లేపి పడేసింది, అమర చిత్ర కథను మాత్రం లేపకుండానే పక్కకు నెట్టింది.

రూపాయికి 8 పైసలు

మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. శాఖా గ్రంథాలయాలకు పుస్తకాలూ పత్రికలూ కొనేది ఆ డబ్బుతోనే. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు పుస్తకాలుగా వచ్చాయి, అమర చిత్ర కథలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి. గుమ్మఘట్టలో కామిక్స్ అంగడి ఎవరూ పెట్టరు, పెట్టినా నడవదు. గ్రంథాలయానికి మాత్రం అమ్మకంతో పనిలేదు, వాపసు భయమూ లేదు. మీ శాఖా గ్రంథాలయానికి పోయినప్పుడు పిల్లల అరలో బొమ్మల కథలు ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. లేకపోతే పేర్లు రాసి లైబ్రేరియన్ గారి చేతికివ్వండి.